పరుగు శాస్త్రంలో పాల ప్యాకెట్ల పాత్ర

నేను రన్నర్‌ని. వారంలో రెండు రోజులు పరుగెత్తుతాను, మిగిలిన ఐదు రోజులు పరుగు గురించి చదువుతాను. రెండో పనిలోనే శ్రమ ఎక్కువ. దానికి ఇప్పటిదాకా ఎవరూ మెడల్ ఇవ్వకపోవడం ఈ దేశంలో క్రీడలకు పట్టిన గతికి నిదర్శనం.

ముందుగా ఒక పారిభాషిక విషయం తేల్చుకోవాలి. మా వరంగల్‌లో బస్సు వెనకాల పడితే దాన్ని ఉరుకుడు అంటారు. ఎనిమిది వేల రూపాయల బూట్లు తొడుక్కుని, ముందు ఏ బస్సూ లేకుండా పడితే అది పరుగు. ఈ తేడా మా అమ్మకు ఎంత చెప్పినా ఎక్కదు. పర్వతగిరి దగ్గరి మా ఊరి నుంచి వచ్చి నాలుగు రోజులు ఉన్నప్పుడు అడిగింది: "యాడిదాక ఉరుకుతవ్ కొడుకా?" ఎక్కడిదాకా లేదమ్మా, ఇంటి నుంచి పోయి మళ్లీ ఇంటికే వస్తానన్నాను. "ఇంటికే వచ్చేటోనివి ఇంట్లనే ఉండరాదు?" అంది. క్రీడా మనస్తత్వశాస్త్రం మొదలై నూట పాతికేళ్లు దాటింది. ఈ ప్రశ్నకు జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

నూట పాతికేళ్లని ఊరికే అనలేదు. 1898లో అమెరికాలోని ఇండియానాలో నార్మన్ ట్రిప్లెట్ అనే ఆయన సైకిల్ పందేల లెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. ఒంటరిగా తొక్కేవాడికంటే పక్కన ఇంకొకడున్నవాడు వేగంగా పోతున్నాడని గమనించాడు. సంగతి తేల్చుకోవడానికి పిల్లల చేతికి గాలపు దారం చుట్టే చక్రాలిచ్చి, ఒక్కొక్కరితో ఓసారి, జంటగా ఓసారి చుట్టించాడు. అంత ఖర్చు అక్కర్లేదు. సుబేదారి వైపు పోయే దారిలో ఒక టిఫిన్ బండి ఉంది. బండికి ఇవతలి కరెంటు స్తంభం నుంచి అవతలి స్తంభం దాకా నా వేగం ఒక తీరు, ఆ తర్వాత ఒక తీరు. బోండాలు వేసే ఆయనకు నేనంటే గొప్ప గౌరవం. పాపం, ఆయన నన్ను ఆ నలభై గజాల్లోనే చూశాడు.

ఇక పాల సంగతి. మా ఇంట్లో నా పరుగుకు ఒకే ఒక్క షరతు మీద అనుమతి ఉంది: వచ్చేటప్పుడు రెండు అర లీటర్ల ప్యాకెట్లతో రావాలి. చూడ్డానికి చిన్న షరతే. ముందే కొంటే చేతిలో లీటరు పాలు ఊగుతుంటాయి, చేతుల లయ దెబ్బతింటుంది. తర్వాత కొందామంటే ఆ తర్వాతకు నాకు గుర్తుండదు. దీనికి జర్మనీ నుంచి మందు తెచ్చాను. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో చెప్పిన ఉపాయం అది. "ఇక నుంచి బాగా చేస్తాను" అనుకుంటే ఏ పనీ కాదట. "ఫలానా చోటికి రాగానే ఫలానా పని చేస్తాను" అని ముందే ముడి వేసుకోవాలట. నేనూ వేసుకున్నాను: చౌరస్తా దాటగానే పాలు కొంటాను. మూడు వారాలు ముడి గట్టిగానే నిలిచింది. నాలుగో వారం ఏమైందో చివర్లో చెబుతాను.

2009లో సామ్యుయేల్ మార్కోరా అనే ఆయన, సహచరులతో కలిసి చేసిన ప్రయోగం నా జీవితాన్నే మార్చేసింది. పదహారు మందిని గంటన్నరసేపు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మెదడు వాచిపోయే పని చేయించారు, ఆ వెంటనే సైకిల్ తొక్కించారు. ఇంకో రోజు అదే మనుషులకు అంతసేపూ రైళ్ల మీద, కార్ల మీద డాక్యుమెంటరీలు చూపించి తొక్కించారు. కాజీపేట జంక్షన్ పక్కన పెరిగినవాడిగా, రైళ్లు చూస్తే ప్రాణం లేచొస్తుందన్న మాట నేనెప్పుడో చెప్పేవాణ్ణి, నన్నెవరూ అడగలేదు. మెదడు అలిసిన రోజున వాళ్లు దాదాపు 15 శాతం ముందే చేతులెత్తేశారు. గుండెలో తేడా లేదు, ఊపిరిలో తేడా లేదు. కష్టం ఎక్కువగా అనిపించింది, అంతే.

ఇది చదివిన వారమే మా అక్క బిడ్డ పెళ్లి పత్రిక అచ్చుకు పోవాల్సి వచ్చింది. మేనమామను కాబట్టి పేర్ల వరస రాసే పని నాకు పడింది. పెద్దనాయన పేరు పైన పెడితే చిన్నాయన పెళ్లికి రాడు. చిన్నాయన పేరు పక్కనే పెడితే ఆయనకు అప్పిచ్చిన మూడో ఆయన రాడు. అక్షరక్రమంలో రాద్దామంటే, మొన్నమొన్న కలిసిన అల్లుడు అన్నిటికంటే పైకి వస్తాడు. సరిగ్గా గంటన్నర. ఆ వెంటనే బూట్లు వేసుకుని బయల్దేరి, రెండు కిలోమీటర్లకే ఆగిపోయి, ఇంటికొచ్చి శాస్త్రోక్తంగా వివరించాను: నా గుండె బాగుంది, కాళ్లు బాగున్నాయి, అలిసింది మెదడని.

మా ఆవిడ చపాతీ వత్తుతూ విన్నది. "మరి పొద్దుగాల అయిదింటికి లేచి ఇద్దరు పిల్లల బాక్సులు, మీ అవ్వ గోలీలు, నల్లా వచ్చే రోజు, నీ సాక్సులు యాడున్నయో గివన్ని యాదికి పెట్టుకునేటోళ్లకు ఎంత శాతం?" అని అడిగింది.

ఆ ప్రయోగంలో ఉన్నది సైకిల్ తొక్కినవాళ్లు మాత్రమేనని, ఇతర వర్గాలకు ఆ ఫలితాలు వర్తింపజేయడం తొందరపాటు అవుతుందని చెప్పాను. ఆమె కర్ర పక్కన పెట్టి, పిండి చేత్తోనే పాల డబ్బులు తెచ్చి నా చేతిలో పెట్టింది.

పాత శాస్త్రం కూడా ఒకటుంది. 1977లో మోర్గాన్, పొల్లాక్ అనే ఇద్దరు పరిశోధకులు, మారథాన్ పరుగెత్తేవాళ్లను "మీరు పరుగెత్తేటప్పుడు ఏమాలోచిస్తారు?" అని అడిగారు. మామూలు వాళ్లు వేరే ఆలోచనల్లో పడి నొప్పిని మరిచిపోతారని, మేటి వాళ్లు మాత్రం ఊపిరి, కాళ్లు, కండరాలు ఏం చెబుతున్నాయో వింటూ పోతారని తేలింది. నేను ఇన్నేళ్లూ మామూలు పద్ధతిలో పరుగెత్తి ఇంటి లోన్ వాయిదాలు, పిల్లాడి ఎంసెట్ కోచింగ్ ఫీజు లెక్క పెట్టుకునేవాణ్ణి. ఇలా కాదని ఒక ఆదివారం నా ఒంటి మాట విన్నాను. ఒళ్లు ఒకటే మాట చెప్పింది: సర్వపిండి. రాత్రి తిన్నవి మూడు.

అయితే నా పరిశోధనా జీవితంలో అతి ముఖ్యమైన ఘట్టం వడ్డేపల్లి చెరువు కట్ట మీద జరిగింది. 2018లో నోయెల్ బ్రిక్ అనే పరిశోధకుడు, ఆయన బృందం 24 మందిని ట్రెడ్‌మిల్ ఎక్కించి, కాసేపు నవ్వుతూ, కాసేపు ముఖం చిట్లించి పరుగెత్తమన్నారు. నవ్వినప్పుడు అదే వేగానికి ఆక్సిజన్ ఖర్చు రెండు శాతానికి పైగా తగ్గింది. 2019లో వియన్నాలో 42.195 కిలోమీటర్లు గంటా 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తి చేసిన కెన్యా రన్నర్ కిప్చోగే కూడా పరుగులో నవ్వుతాడు. రెండు శాతమంటే మాటలు కాదు, మా బ్యాంకు ఎఫ్‌డీ మీద అంత పెంచమంటే పెంచుతుందా?

మర్నాడు పొద్దున ఆరింటికి కట్ట ఎక్కి నవ్వాను.

మొదటి రెండు వందల మీటర్లు బాగానే గడిచాయి, ఎందుకంటే ఎవరూ లేరు. తర్వాత మంకీ క్యాప్ పెట్టుకుని ఎదురొస్తున్న ఒక రిటైర్డ్ సారు నా నవ్వు చూసి, తనూ నవ్వి, ఆగిపోయాడు. "గుర్తువట్టినవా?" అన్నాడు. నేను గుర్తుపట్టలేదు. కానీ అంత వెడల్పుగా నవ్వుతున్నవాడు గుర్తుపట్టలేదని ఎలా చెప్తాడు? ఆయన నన్ను తన పాత విద్యార్థి అనుకున్నాడు. ఆరు నిమిషాలు నేను ఎప్పుడూ చదవని బళ్లో, ఎప్పుడూ తినని దెబ్బల గురించి మాట్లాడుకున్నాం. మళ్లీ బయల్దేరాను. ఎదురుగా వస్తున్న ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూసి మాటలు ఆపి, కట్ట అవతలి అంచుకు జరిగారు. వాళ్లను తప్పుపట్టను. శాస్త్రజ్ఞులను తప్పుపడతాను. ట్రెడ్‌మిల్‌కు ఎదురుగా మనుషులు రారన్న సంగతి వాళ్లు ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు? కట్ట దిగేచోట ప్లాట్లు అమ్మే ఆయన ఒకరు నా నవ్వును ఆసక్తిగా అర్థం చేసుకుని, నాతోపాటు వంద మీటర్లు పరుగెత్తి మరీ కార్డు ఇచ్చాడు. "నలభై ఫీట్ల రోడ్డు సార్, ఈస్ట్ ఫేసింగ్." ట్రిప్లెట్ చెప్పినట్టే, పక్కన మనిషి ఉండేసరికి ఆ వంద మీటర్లు నా వేగం అమోఘం.

ఇంటికి చేరేసరికి మా ఆవిడ ఫోన్‌లో ఉంది. అవతల మా బామ్మర్ది. స్పీకర్ ఆన్‌లో ఉన్నట్టు వాడికి తెలియదు.

"అక్కా, బావకు ఆఫీసుల ఏమన్న టెన్షన్ ఉన్నదా? కట్ట మీద ఒక్కడే నవ్వుకుంట ఉరుకుతున్నడట. మా దోస్తు చూసి చెప్పిండు."

మా ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఏం లేదురా, గది సదువుకున్న నవ్వు" అంది.

అయినా శుక్రవారం నన్ను భద్రకాళి గుడికి తీసుకుపోయి పదకొండు ప్రదక్షిణలు చేయించారు. నా వాచీ వాటిని నడక కింద రాసుకుంది.

ఇంటి పనుల మధ్య పరుగుకు టైం ఎలా దొరుకుతుందని అడిగేవాళ్లకు నేను రోజర్ బానిస్టర్ కథ చెబుతాను. 1954 మే 6న మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తి, నాలుగు నిమిషాల గోడను మొదట దాటినవాడు. అప్పటికి మెడికల్ స్టూడెంట్. ఆ రోజు కూడా పొద్దున లండన్‌లో ఆసుపత్రి పని చూసుకుని, అక్కడి ల్యాబులోనే సాన మీద బూట్ల మేకులు అరగదీసుకుని, రైలెక్కి ఆక్స్‌ఫర్డ్ పోయి ఆ పని చేశాడు. 46 రోజులకు ఆస్ట్రేలియా ఆయన జాన్ లాండీ అంతకంటే వేగంగా పరుగెత్తాడు. మనసులోని గోడ కూలితే అంతేనని ఈ కథను చాలా వేదికల మీద చెప్పాను. అన్నట్టు, పది కిలోమీటర్ల పరుగు ఉన్నప్పుడు నేను ముందురోజు, తర్వాతి రోజు సెలవు పెడతాను. ఒకటి మానసిక సంసిద్ధతకు, ఒకటి మానసిక విశ్లేషణకు.

నాలుగో వారం అన్నాను కదా. ఆ వారం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పోయాను. అక్కడ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న కుర్రాళ్లు చీకటి ఉండగానే వస్తారు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు అని పెట్టారు. వాళ్లకు ఆ అంకెలు ఫోన్ నంబర్లలాగా నోటికి వచ్చు. ఒక పిల్ల గీత దగ్గర బూటు లేసు బిగిస్తూ పక్కనున్న అమ్మాయితో దీప్తి పేరు చెప్పి ఏదో అంటోంది. దీప్తి జీవంజి. మా పర్వతగిరి మండలం కల్లెడ. 2024 మేలో జపాన్‌లోని కోబేలో, పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది, ఆ సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కంచు పతకం తెచ్చింది. యాభై అయిదు సెకన్లలో నా వాచీకి శాటిలైట్ సిగ్నల్ కూడా దొరకదు.

ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. చొక్కా మీద ఏదో హోటల్ పేరు, కాళ్లకు ఒక బూటు ముందు భాగంలో దారంతో కుట్టి ఉంది. "అంకుల్, జర టైం పడుతరా? మా దోస్తు ఇయ్యాల రాలే." చేతిలో స్టాప్‌వాచ్ పెట్టాడు.

ఇలాంటి అవకాశం కోసమే కదా నేను ఇన్నాళ్లూ చదివింది. ముందు కళ్లు మూసుకో అన్నాను. నాలుగో రౌండ్ ఎలా ఉంటుందో మనసులో చూడు, కష్టం అనేది కాళ్లలో ఉండదు, మెదడు చెప్పే మాటలో ఉంటుంది, మూడో రౌండ్‌లో కొంచెం నవ్వు, ధ్యాస ఒక్కదాని మీదే పెట్టు. కుర్రాడు మర్యాదగా తలూపి గీత దగ్గరికి పోయాడు. "రెడీ" అన్నాడు. నేను "గో" అన్నాను.

సున్నంతో గీసిన గీతల వెంట నాలుగు రౌండ్లు తిరిగాడు. చూడ్డానికి చాలా బాగుంది. మూడో రౌండ్‌లో నవ్వలేదు, అది మాత్రం గుర్తుపెట్టుకున్నాను. గీత దాటి, మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి, అలాగే తలెత్తి అడిగాడు.

"ఎంతొచ్చింది అంకుల్?"

వాచీ చూశాను. అన్నీ సున్నాలే. నొక్కడం మరిచిపోయాను.

కుర్రాడు ఏమీ అనలేదు. వాచీ తీసుకుని, బటన్ ఎక్కడుందో చూపించి, మళ్లీ నా చేతిలోనే పెట్టాడు. అయిదు నిమిషాలు అటూ ఇటూ నడిచి మళ్లీ పరుగెత్తాడు. ఈసారి నొక్కాను. 7 నిమిషాల 31 సెకన్లు. మొదటిసారి ఎంత వచ్చి ఉండేదో ఎవరికీ తెలియదు. అలిసిన కాళ్ల గురించి మార్కోరా ఏమన్నాడో చెప్పబోయాను.

"డ్యూటీ టైం అయితుంది అంకుల్, వస్త" అని బండి తీశాడు.

చౌరస్తా దాటి, కాలనీలోకి మలుపు తిరిగి, మెట్లెక్కి, తలుపు కొట్టాక గుర్తొచ్చింది, పాలు.