విధేయత పేరు చెప్పి మంత్రిని తీసేయొచ్చా?

క్యాథలిక్ సేవా సంస్థ ఆర్డర్ ఆఫ్ మాల్టాలో ఒక మంత్రిని తీసేయడంతో మొదలై, పోప్ దాని అధిపతినే దింపేదాకా వెళ్లిన గొడవ ఎప్పుడు చర్చకు వచ్చినా "పోప్ గారు చెప్పారుగా, ఇంకేంటి" అని తేల్చేస్తారు. అప్పటి పోప్ ఫ్రాన్సిస్ గారంటే నాకు చాలా గౌరవం. అయినా ఆ మాట ఒప్పుకోలేను.

సొంత భూభాగం లేకపోయినా వందకు పైగా దేశాలతో దౌత్య సంబంధాలు, సొంత పాస్‌పోర్టులు, 1994 నుంచి ఐక్యరాజ్యసమితిలో పరిశీలక హోదా ఉన్న సంస్థ అది. 1113లో పోప్ గుర్తించిన సన్యాస సభ, అంటే వ్రతాలు తీసుకున్నవాళ్ల మత సంస్థ కూడా అదే. 1953లో కార్డినళ్ల (పోప్ తర్వాతి స్థాయి మతాధికారుల) ట్రిబ్యునల్ ఈ రెండు రూపాలనూ ఒప్పుకుంది. సార్వభౌమాధికారం ఆర్డర్ చేసే పనికి కావలసినంత మేరకేనని, సన్యాస సభగా పోప్ పీఠానికి లోబడాల్సిందేనని చెప్పింది. కానీ ఒకే విషయంలో రెండూ ఢీకొంటే? అక్కడే ముడి పడింది.

2016 డిసెంబరులో ఆర్డర్ అధిపతి అయిన గ్రాండ్ మాస్టర్ మాథ్యూ ఫెస్టింగ్, గ్రాండ్ ఛాన్సలర్ బోజెలాగర్‌ను రాజీనామా చేయమన్నారు. మయన్మార్ సహాయ కార్యక్రమాల్లో, క్యాథలిక్ చర్చి ఒప్పుకోని కండోమ్‌లు పంచారన్నది ప్రధాన ఆరోపణ. బోజెలాగర్ రాజీనామాకు ఒప్పుకోలేదు. అప్పుడు ఫెస్టింగ్, పైవారి మాట వింటానని ఆయన ఆర్డర్‌కు ఇచ్చిన విధేయతా వాగ్దానం గుర్తుచేసి మరీ ఆదేశించారు. నా దృష్టిలో మొదటి తప్పు ఇదే. గ్రాండ్ ఛాన్సలర్ అంటే ఆ ప్రభుత్వానికి విదేశాంగ మంత్రి. మంత్రిని తీసేయాలంటే రాజ్యాంగం చూపించాలి, మతపరంగా ఇచ్చిన మాట కాదు.

పోప్ ఐదుగురితో విచారణ కమిషన్ వేస్తే, ఇది మా అంతర్గత పాలన అని ఆర్డర్ అడ్డు చెప్పింది. ఆ వాదన సరైనదే. కానీ దాన్ని నిలబెట్టుకునే బలం ఫెస్టింగ్ చేజేతులా పోగొట్టుకున్నారు. 2017 జనవరి 24న పోప్ పిలిచి దిగిపొమ్మంటే, విధేయతా వ్రతం తీసుకున్న మనిషి కాదనలేకపోయారు. నాలుగు రోజులకే బోజెలాగర్ తిరిగి పదవిలోకి వచ్చారు. కిందివాడి మీద వాడిన ఆయుధాన్నే పైవారు ఆయన మీద వాడారు.

2022 సెప్టెంబరు 3న పోప్ కొత్త రాజ్యాంగం ప్రకటించి, పాలకమండలిని రద్దు చేసి, తాత్కాలిక మండలిని తానే నియమించారు. గ్రాండ్ మాస్టర్ కావాలంటే పెద్ద వంశంలో పుట్టాలన్న నియమం పోయింది, జీవితకాల పదవి పోయింది. రెండూ ఎప్పుడో పోవాల్సినవే, నాకు సంతోషమే. కానీ ఆ మార్పును సభ్యులే ఓటేసి తెచ్చుకోవాల్సింది.

ఘర్షణలు నడిచే పాలస్తీనాలోని బెత్లెహేములో ఈ ఆర్డర్ నడిపే ప్రసూతి ఆసుపత్రి ఉంది. అలాంటి చోట ఏ పక్షానికీ చెందని స్వతంత్ర సంస్థ అన్న పేరే వాళ్లకు దారి ఇస్తుంది. తెల్లారేసరికి బయటి సంతకంతో పాలకమండలి మొత్తం మారిపోతుందంటే, ఆ పేరును రేపు ఏ ప్రభుత్వం నమ్మాలి?