సెక్షన్ల గోడలు ఎవరు కట్టారు?

పిల్లలు చెడు సావాసాల్లో పడుతున్నారని బెంగపడని ఇల్లు లేదు. ఆ పిల్లలు ఎవరి పక్కన కూర్చోవాలో, ఎవరికి దూరంగా ఉండాలో మార్కుల లెక్కన ముందే తేల్చేసే బడిని వెతుక్కుంటూ వెళ్లి ఫీజు కడుతున్నదీ ఆ పెద్దలే. తెలుగు రాష్ట్రాల్లోని ఎన్నో ప్రైవేటు హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్ ఒకటి, ఒలింపియాడ్ సెక్షన్ మరొకటి, మిగిలినవాళ్లంతా జనరల్. వీక్లీ టెస్టులో మార్కులు తగ్గితే కింది సెక్షన్‌కు మార్చేస్తారు. శనివారం దాకా ఒకే బెంచీ మీద టిఫిన్ పంచుకున్న ఇద్దరు సోమవారం నుంచి వేరు. దిగినవాడు సిగ్గుతో ఎదురుపడడు. పైన మిగిలినవాడు వాడితో తిరిగితే తనకూ ఆ ముద్ర పడుతుందేమోనని జంకుతాడు.

గదులు ఇలా విడిపోయాక గుంపులు తప్పవు. ర్యాంకర్ల బ్యాచ్, బ్యాక్ బెంచీ బ్యాచ్, హాస్టల్ వాళ్లు, డే స్కాలర్లు, పల్లె నుంచి బస్సులో వచ్చేవాళ్లు. రోజంతా తమలాంటివాళ్లనే చూస్తూ గడిపే పిల్లలకు ఆ గుంపు చెప్పిందే లోకమవుతుంది. ఒక గదిలో నిద్ర మానుకోవడం గొప్ప. మరో గదిలో పుస్తకం తెరిచినవాణ్ని ఏడిపించడం గొప్ప. మొదటి గదిలో ‘అలసిపోయాను’ అనడానికి, రెండో గదిలో ‘నాకు చదువుకోవాలనుంది’ అనడానికి అంతే ధైర్యం కావాలి. ఎనిమిది దాకా ఊళ్లో తెలుగు మీడియం చదివి పట్నం బడిలో చేరిన పిల్ల, తన యాసకు నవ్వుతారని క్లాసులో నోరు విప్పడమే మానేస్తుంది. ఆ నవ్వే నలుగురిలో ఇద్దరికైనా నవ్వడం ఇష్టం ఉండదు. నవ్వకపోతే రేపు తమనే బయటికి నెడతారన్న భయంతో గొంతు కలుపుతారు. ఏ బూట్లు, ఏ ఫోను, బర్త్‌డేకు ఎవరు ఎక్కడ పార్టీ ఇచ్చారు అన్న పోటీలన్నీ ఈ భయం మీదే నడుస్తాయి.

ఇది పిల్లల బలహీనత అని తీసిపారేయడం అన్యాయం. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే అమెరికన్ పరిశోధకులు కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించి చూశారు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికంటే, స్నేహితులు చూస్తుండగా దాదాపు రెట్టింపు తెగింపు చూపారు. పెద్దవాళ్లలో ఆ తేడా దాదాపు లేదు. అంతకు అర్ధశతాబ్దం ముందే సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త మరో సంగతి కనిపెట్టాడు. గీతల పొడవు పోల్చమని అడిగి, చుట్టూ ఉన్నవాళ్ల చేత కావాలనే తప్పు చెప్పించాడు. కళ్లెదుట నిజం కనిపిస్తున్నా, పాల్గొన్నవారిలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఆ తప్పుకే తలూపారు. అయితే పక్కన ఒక్కడు నిజం పలికితే చాలు, ఆ లొంగుబాటు ఎంతో తగ్గిపోయింది. మన హైస్కూలు పిల్లలకు కావలసింది ఆ ఒక్క తోడు. సొంత గుంపులో అది దొరకడం కష్టం. అక్కడ అందరిదీ ఒకే భయం. పక్క సెక్షన్‌లోనో, వేరే వీధిలోనో, వేరే కులంలోనో నేస్తం ఉన్నవాడికి సొంత గుంపు వెలివేసినా నిలబడే చోటు ఉంటుంది.

వేరే కులం అన్నప్పుడు తమిళనాడు గుర్తు రాక మానదు. 2023 ఆగస్టులో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిపై, అతని చెల్లెలిపై తోటి విద్యార్థులే కత్తులతో దాడి చేశారు. ఆ తర్వాత నియమించిన జస్టిస్ చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇస్తూ, కులాన్ని చాటే రంగు చేతిపట్టీలను బడుల్లో నిషేధించాలని, పిల్లలను అక్షర క్రమంలో కూర్చోబెట్టాలని సిఫార్సు చేసింది. మన పిల్లల చేతులకు పట్టీలు లేవు కదా అని ఊరట చెందే స్థితిలో మనం లేం. బైకు మీది స్టిక్కరు, వాట్సాప్ స్టేటస్, ‘మనోడు’ అని చెప్పుకునే హీరో ఇక్కడ ఆ పని చేస్తున్నాయి.

కలిపి కూర్చోబెడితే మారతారా? మారతారనడానికి మన దేశంలోనే ఆధారం ఉంది. ఢిల్లీలో ఖరీదైన ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు సీట్లు ఇచ్చాక ఏం జరిగిందో ఆర్థికవేత్త గౌతమ్ రావు పరిశీలించి 2019లో ప్రచురించారు. పేద సహపాఠులతో చదివిన సంపన్న పిల్లల్లో ఉదారత పెరిగింది, వివక్ష తగ్గింది, ఆ పిల్లలతో కలిసి ఆడుకోవడానికి ముందుకొచ్చారు. ఇంగ్లిష్ మార్కులు కొద్దిగా తగ్గాయి. హిందీ, లెక్కల్లో తేడా రాలేదు. ఆ కొద్దిపాటి మార్కుల కోసం అంత మంచిని వదులుకుంటామా? విద్యాహక్కు చట్టం కింద ఆంధ్రప్రదేశ్ 2022–23 నుంచి ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇస్తోంది. సీటిచ్చి వేరే గదిలో కూర్చోబెడితే ఆ చట్టం ఆశించినది జరగదు.

స్థాయులు వేరైన పిల్లలకు ఒకే పాఠం చెప్పడం కష్టమన్న ఉపాధ్యాయుల మాటలో నిజముంది. లెక్కల్లో వెనకబడినవారికి సాయంత్రం ఓ గంట విడిగా చెప్పవచ్చు. అందుకోసం రోజంతా, ఏడాదంతా విడదీయనక్కర్లేదు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో తెల్ల, నల్లజాతి పిల్లలు మొదటిసారి కలిసి కూర్చుని కొట్టుకుంటుంటే, ఇలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వవేత్త పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క అప్పగించాడు. అవతలివాడు చెప్పేది వినకపోతే తన పరీక్ష తప్పుతుంది కాబట్టి వినడం మొదలుపెట్టారు. దీనికి ఖర్చేమీ లేదు. ఇక ఆడపిల్ల, మగపిల్లాడు మాట్లాడుకుంటే ఇంటికి కబురు పెట్టే బడులు ఆ అలవాటు కూడా మానుకోవాలి.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో 15 మార్గదర్శకాలు ఇచ్చింది. సాధ్యమైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయరాదని, అందరి ముందు అవమానించరాదని వాటిలో స్పష్టంగా ఉంది. కోచింగ్ కేంద్రాలతో పాటు విద్యాసంస్థలన్నిటినీ ఉద్దేశించిన మాట అది. మన నేల మీద జరిగిన మరణం నుంచి వచ్చిన ఆ ఆదేశాన్ని మన రెండు ప్రభుత్వాలే ముందు పాటించాలి. ఆరు నుంచి పది దాకా మార్కుల సెక్షన్లను రద్దు చేసి, ఏటా పిల్లలను కలిపి కొత్తగా సెక్షన్లు వేయాలని పాఠశాల విద్యాశాఖలు ఉత్తర్వులివ్వాలి. తనిఖీకి వెళ్లే మండల విద్యాధికారి సెక్షన్ల జాబితా అడిగి చూడాలి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా ఇది జరగాలని ఈ పత్రిక కోరుతోంది.