ఎలుకలు చచ్చింది నిజమే, మామ క్యాన్సర్ మందు ఎందుకు మానేశాడు?

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు పదకొండు సార్లు వచ్చింది. ఇంటర్ బ్యాచ్ గ్రూపులో, కాలనీ గ్రూపులో, ఎవరిదో పెళ్లికని పెట్టి పెళ్లయ్యాక కూడా మూయని గ్రూపులో. “వైరస్‌లో ఇమ్యూనిటీ జీన్ పెట్టి మనుషుల మీద ప్రయోగం! డిలీట్ చేసేలోపు షేర్ చేయండి” అని మొదలై, ఏడు పాయింట్లు దాటి, దండం పెట్టే బొమ్మతో ముగుస్తుంది. నేను కాకతీయ యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చదివి హన్మకొండలో చిన్న ల్యాబ్ నడుపుతున్నాను కాబట్టి, కింద “నిజమేనా అన్నా?” అని ఒక ప్రశ్న తగిలిస్తారు. పది సార్లు చూసీచూడనట్టు ఊరుకున్నాను. పదకొండోసారి పంపింది మా మేనమామ. అప్పటికే ఆయన మూత్రాశయ క్యాన్సర్ మందు మానేశాడు.

మొదటి పాయింట్, ఇదంతా రహస్యంగా జరుగుతోందట. జీఎం-సీఎస్ఎఫ్ అనే ఇమ్యూన్ సిగ్నల్ జీన్ మోసే హెర్పిస్ వైరస్ క్యాన్సర్ మందుకు అమెరికాలో 2015లోనే అనుమతి ఇచ్చారు. ఇంటర్‌ఫెరాన్ అనే మరో సిగ్నల్ జీన్ మోసే అడినోవైరస్ మందుకు 2022 డిసెంబర్‌లో ఇచ్చారు. పేరు పెట్టి, ప్రకటన ఇచ్చి మరీ చేసిన రహస్యం ఇది.

రెండోది, కోవాగ్జిన్‌లోనూ ఇదే ఉందట. లేదు. అది చంపిన వైరస్. కోవిషీల్డ్‌లో వెక్టర్, అంటే జీన్‌ను మోసే వైరస్, ఉన్నది వాస్తవమే కానీ అది మోసింది కరోనా ముల్లు జీన్‌ను.

మూడో పాయింట్ దగ్గర మాత్రం ఆగాలి. “ఆస్ట్రేలియాలో ఇమ్యూనిటీ జీన్ పెట్టిన వైరస్ ఎలుకలన్నిటినీ చంపేసింది” అని రాశారు. ఇది కట్టుకథ అనుకునే చదివాను. కాదు, జరిగిందే. పంటలు తినే ఎలుకలకు పిల్లలు పుట్టకుండా చేద్దామని అక్కడి శాస్త్రవేత్తలు ఎలుకల మశూచి వైరస్‌లో ఇంటర్‌ల్యూకిన్-4 అనే ఇమ్యూన్ సిగ్నల్ జీన్ పెట్టారు. ఎలుక అండాలను అడ్డుకునే యాంటీబాడీలు పెరగాలన్నది వాళ్ల ఆలోచన. కానీ ఆ సిగ్నల్ వైరస్‌ను చంపే కణాలను జోకొట్టింది. పుట్టుకతోనే ఆ మశూచిని తట్టుకునే ఎలుకలు చచ్చాయి, టీకా వేసినవాటిలోనూ కొన్ని చచ్చాయి. 2001లో వాళ్లే జర్నల్‌లో అచ్చు వేసి అందరినీ హెచ్చరించారు. ఈ సంగతి గుర్తు చేసినందుకు మెసేజ్ రాసినాయనకు ఒక నమస్కారం. భయపడాల్సిన ప్రయోగమే అది.

అయితే ఆ వైరస్‌కు కాళ్లూ చేతులూ అన్నీ ఉన్నాయి. ఒంట్లో పెరుగుతుంది, పాకుతుంది. పైన చెప్పిన ఇంటర్‌ఫెరాన్ మందులోని అడినోవైరస్‌కు పెరిగే జీన్‌నే కోసి పారేశారు. కణంలోకి పోయి మూట దించడం వరకే దాని పని. హెర్పిస్ మందు కొంత పెరుగుతుంది, అదీ ఎక్కువగా కణితిలోనే పెరిగేలా మార్చినది. ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్-4 రెండూ ఇమ్యూన్ సిగ్నల్సే కాబట్టి రెండూ ఒకటే అంటే, పెళ్లి బ్యాండూ పోలీసు సైరనూ రెండూ చప్పుడే కదా అన్నట్టుంది.

నాలుగోది, డీఎన్‌ఏ మారిపోయి మనవళ్ల దాకా వస్తుందట. ఆ ఇంటర్‌ఫెరాన్ మందు పోసేది మూత్రాశయంలో, అక్కడి క్యాన్సర్‌కు. అడినోవైరస్ తెచ్చిన జీన్ మన క్రోమోజోముల్లో సాధారణంగా అతుక్కోదు, పైపొర కణాలు రాలిపోతే దాంతోపాటే పోతుంది. అందుకే మూడు నెలలకోసారి మళ్లీ పోస్తారు. శాశ్వతంగా అతుక్కునేదైతే మళ్లీ మళ్లీ పోయడం ఎందుకు? దాన్ని మంత్రం అని కూడా నేను అనను. ట్రయల్‌లో సుమారు సగం మందికి మూడు నెలల్లో క్యాన్సర్ కనబడకుండా పోయింది, ఏడాదికి చూస్తే వాళ్లలోనూ సగానికి తక్కువ మందికే అలా నిలిచింది.

మెసేజ్‌లో లేనిది ఒకటి నేనే చెప్తాను. అతుక్కునే వైరస్‌లూ ఉన్నాయి. పుట్టుకతో రోగనిరోధక శక్తి లేని పిల్లలకు, ఇమ్యూన్ సిగ్నల్ అందుకునే రిసెప్టర్ జీన్‌ను రెట్రోవైరస్‌తో ఎక్కించారు. చాలామంది పిల్లలు బాగయ్యారు. కానీ పారిస్, లండన్ ట్రయల్స్‌లోని 20 మందిలో ఐదుగురికి లుకేమియా వచ్చింది, ఒకరు చనిపోయారు. భయపెట్టాలనుకున్నవాడు ఇది రాసి ఉండాల్సింది. చదివితే కదా.

ఆరోది ముందు చూద్దాం. “సిగ్నల్ కావాలంటే నేరుగా ఇంజెక్షన్ ఇవ్వొచ్చుగా, వైరస్ ఎందుకు?” ప్రశ్న బాగుంది. ఇచ్చి చూశారు. ఇంటర్‌ల్యూకిన్-12ను నేరుగా రోగులకు ఎక్కించిన ట్రయల్‌లో 1995లో ఇద్దరు చనిపోయారు. ఒళ్లంతా కాకుండా, కణితి ఉన్నచోటే సిగ్నల్ పుట్టాలని జీన్ దారి పట్టారు. వెక్టర్ అవసరం అక్కడ వచ్చింది.

ఏడోది, పసుపు, మిరియాల కషాయం తాగితే క్యాన్సర్ రాదట. అదే నిజమైతే వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పసుపు బస్తాలు మోసే హమాలీలకు క్యాన్సర్ రాకూడదు మరి.

ఇక ఐదో పాయింట్. “మూత్రాశయంలో పోసే మందులో ఉండేది ఈ వైరసే. మూత్రంతో బయటికొచ్చి ఇంటిల్లిపాదికీ అంటుతుంది. అందుకే ఆసుపత్రి వాళ్లే బ్లీచింగ్ పోయమంటారు.” మామ మందు మానేసింది ఈ మూడు వాక్యాలు చదివి.

మామ కొత్తవాడలో మగ్గం మీద దర్రీలు నేసిన మనిషి. నలభై ఏళ్లు బీడీ తాగాడు. మూత్రంలో రక్తం పడితే చూపించాం. కణితి గీకి తీశారు, వారానికోసారి ఆరు వారాలు మందు పోయించుకోమన్నారు. సన్నటి గొట్టంతో పోసి ఇంటికి పంపిస్తారు. రెండు గంటలు ఆపుకోవాలి. మొదటి రోజు నేను పక్కనే ఉన్నాను. మంచం మీద కుడికి, ఎడమకు, బోర్లా, వెల్లకిలా పావుగంటకోసారి తిరుగుతూ, ప్రతిసారీ గోడ గడియారం చూసి “ఇంకెంత సేపు అల్లుడా?” అన్నాడు. తర్వాత కూర్చునే పోయాలి, ఆరు గంటల పాటు పోసినప్పుడల్లా దొడ్లో బ్లీచింగ్ వేసి పావుగంట ఆగి నీళ్లు కొట్టాలి. రెండు వారాలు అన్నీ చేశాడు. మూడో వారం పోలేదు.

“నాకేమైతే అయింది. ఇంట్ల చిన్న పోరడున్నడు, వానికి అంటుకుంటే?”

బ్లీచింగ్ మాట నిజం. మిగతాదే అబద్ధం. మామకు పోసింది వైరస్ కాదు, బీసీజీ. టీబీ టీకాలోని బ్యాక్టీరియా. అది బతికే ఉంటుంది, బ్లీచింగ్ అందుకే. ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు ఆ మందు పోయరు కూడా. మామ ఏ పోరని కోసం భయపడి మందు మానేశాడో, వాడు పుట్టినప్పుడు ఆసుపత్రిలో వేసింది కూడా ఆ బీసీజీయే. వాడి ఎడమ భుజం మీద మచ్చ ఉంది. నిన్న వాణ్ని మామ ఒళ్లో కూర్చోబెట్టి చొక్కా చేయి పైకి లాగి చూపించాను. మామ ఆ మచ్చను బొటనవేలితో చాలాసేపు రుద్దాడు.

రెండు వారాలు పోయాయి. డాక్టర్ మళ్లీ మొదలుపెడదాం అన్నారు. బుధవారం పది గంటలకు రమ్మన్నారు.

ఇంటర్ గ్రూపులో ఈ మెసేజ్ మొదట పెట్టిన మిత్రమా, మందు పోయించుకుని, మూత్రం ఆపుకుని, ఆ గుంతల రోడ్ల మీద ఆటోలో ఇంటికి రావడం డెబ్బై ఏళ్ల మనిషి వల్ల కాదు. బుధవారం నీ కారు తీసుకుని తొమ్మిదింటికి కొత్తవాడకు రా. లొకేషన్ పంపిస్తాను, అది ఎవరికి ఫార్వర్డ్ చేసినా ఫర్లేదు.