హెచ్చు పాటదారు ఓడిన వేలం

సంక్రాంతికి అమెరికాలోని వర్జీనియా నుంచి గుంటూరు వెళ్తే బాబాయి కాఫీ అయినా తాగనివ్వలేదు. "ఏరా, మీ వర్జీనియా వాళ్ళు అమెజాన్‌కి ఎన్ని ఎకరాలు రాసిచ్చార్రా?" అన్నాడు. విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చారన్న వార్త, ఆ వెనకే 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన. అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే గోల. అన్నీ విశాఖకే పోతుంటే బెజవాడ, గుంటూరు ఏం పాపం చేశాయని.

బాబాయి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. అందుకని ఆయనకు తెలిసిన వేలం భాషలోనే చెప్పాను.

2017 సెప్టెంబరులో అమెజాన్ తన రెండో ప్రధాన కార్యాలయానికి చోటు కావాలని చాటింపు వేసింది. 50 వేల ఉద్యోగాలు, 500 కోట్ల డాలర్ల పెట్టుబడి అంది. 238 ప్రతిపాదనలు వచ్చాయి. అరిజోనాలోని టూసాన్ వాళ్ళు 21 అడుగుల సగ్వారో జెముడుచెట్టును కానుకగా పంపబోతే, కంపెనీ దాన్ని మ్యూజియానికి ఇచ్చేసింది. జార్జియాలో స్టోన్‌క్రెస్ట్ అనే ఊరైతే 345 ఎకరాలు విడగొట్టి దానికి అమెజాన్ అనే పేరు పెడతామంది. "ఓరి వీళ్ళ దుంపతెగ, ఊరి పేరు కూడానా! మనమే నయం" అని బాబాయి నవ్వాడు.

అసలు సంగతి పాట దగ్గరుంది. మేరీలాండ్ 850 కోట్ల డాలర్ల దాకా పాడింది. న్యూజెర్సీ 700 కోట్లు. రెండూ ఓడిపోయాయి. 2018 నవంబరులో న్యూయార్క్‌తో పాటు గెలిచింది మా పొరుగు ఆర్లింగ్టన్. (న్యూయార్క్‌లో స్థానికులు ఎదురుతిరిగితే మూడు నెలలకే కంపెనీ అక్కణ్ణుంచి తప్పుకుంది.) వర్జీనియా ఇస్తానన్నది ఉద్యోగానికి 22 వేల డాలర్ల చొప్పున, 25 వేల ఉద్యోగాలకు 55 కోట్ల డాలర్లు. అదీ ముందు ఉద్యోగాలు చూపించాకే. అంతకన్నా పెద్ద మొత్తం కంపెనీకి కాదు, కాలేజీలకు పెట్టింది. 20 ఏళ్ళలో కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ కోర్సుల్లో 25 వేల డిగ్రీలు అదనంగా ఇవ్వాలని లెక్క. అలెగ్జాండ్రియాలో వర్జీనియా టెక్ కొత్త ప్రాంగణం అలా వచ్చిందే. 2023లో అమెజాన్ రెండో దశ నిర్మాణం ఆపేసింది. రాని ఉద్యోగాలకు రాష్ట్రం డబ్బు కట్టక్కర్లేదు. కాలేజీ మాత్రం ఎక్కడికీ పోదు.

విస్కాన్సిన్ రాష్ట్రంలో ఫాక్స్‌కాన్ అనే తైవాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ సంగతి చూడండి. 2017లో 13 వేల ఉద్యోగాలన్నారు, దాని కోసం జనం ఇళ్ళు కొని ఖాళీ చేయించారు. 2021లో కొత్త ఒప్పందం రాసుకునేసరికి ఆ లెక్క 1,454కి దిగింది.

బాబాయి కాసేపు ఆలోచించి, "యార్డులోనూ అంతేగా. టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, కాయ విరిచి, తేమ చూసి ధర కడతారు. సరుకులో దమ్ము లేకపోతే ఊరికే ఇస్తామన్నా మోసుకెళ్ళేదెవడు?" అన్నాడు.

99 పైసలకు నేను వ్యతిరేకిని కాను. గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ ప్రాంగణం చూస్తే నాకూ గర్వమే. నా గొడవల్లా, ఒప్పందంలో ఉద్యోగాలు వచ్చాకే రాయితీ అన్న మాట ఉందా లేదా అని. ఇక రెండో గొడవ సరుకు గురించి. వడ్డేశ్వరం నుంచి వడ్లమూడి దాకా ఇంజినీరింగ్ కాలేజీలకు మనకు కొదవ లేదు. వర్జీనియా డబ్బు పోసి తయారుచేసుకుంటున్నది మన దగ్గర ఏటా దానంతటదే పండుతోంది. ఈ పత్రిక చదువుతున్న మనమంతా ఆ పంటే. కానీ అంతా మేలైన తేజ రకం మిర్చి కాదు, పనికిరాని తాలుకాయ కూడా ఉంది. తనిఖీ రోజున మాత్రమే ల్యాబ్ తాళం తీసే కాలేజీ ఒకటి నాకు బాగా తెలుసు, నేను చదివింది అందులోనే. కంపెనీకి ఇచ్చే ప్రతి ఎకరానికీ ఒక మంచి పంతులు జీతం జత చేయమని మన ప్రవాసుల సంఘం ఎప్పుడైనా అడిగిందా? మంత్రులు వచ్చినప్పుడు శాలువాలు కప్పి ఫొటోలు దిగుతాం, అంతే.

ఇక బెజవాడా గుంటూరా అన్న పంచాయితీ నాకు విసుగు. రెంటి మధ్య దూరం ముప్ఫై అయిదు కిలోమీటర్ల లోపే. అమెజాన్ ప్రధాన కార్యాలయం ఉన్న సియాటిల్‌లో కూర్చున్నవాడి కళ్ళకు రెండూ ఒకటే ఊరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలుకు పోయింది, మరుసటేడు హైకోర్టు గుంటూరుకొచ్చింది. 1956లో అదీ హైదరాబాద్ వెళ్ళిపోయింది. ఎవరో కేటాయిస్తే వచ్చింది, ఎవరో మారిస్తే పోయింది. ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ మాత్రం 1885 నుంచీ గుంటూరులోనే ఉంది.

ఆ ఆదివారం రాత్రి మా తమ్ముణ్ణి హైదరాబాద్ బస్సెక్కించడానికి బాబాయితో పాటు నేనూ వెళ్ళాను. బస్టాండు నిండా ల్యాప్‌టాప్ సంచులు, పచ్చడి డబ్బాలు, పాతికేళ్ళ పిల్లలు. డిక్కీలో సామాన్లు సర్దుతున్న క్లీనర్ని చూస్తూ బాబాయి అన్నాడు: "ఈ సరుక్కి పాట ఎక్కడ పాడుతున్నారో గానీ, మనకు యార్డు సెస్సు కూడా రావట్లేదురా."