సయీద్ జాఫ్రీ ‘ఓడిపోయిన నటుడు’ అట!

ఈ పదిహేను రోజుల్లో ఒకే సందేశం నాకు నలుగురు మిత్రుల నుంచి వచ్చింది. పైన సయీద్ జాఫ్రీ ఫొటో, దాని కింద ‘హీరో అవుదామని విదేశాలకు వెళ్లి, జీవితమంతా పక్క వేషాలు వేసి, చివరికి గొంతు అమ్ముకుని బతికిన మన నటుడి విషాద గాథ’ అన్న శీర్షిక, ఆ కింద ఆరు పేరాలు, ఆఖరున రెండు కన్నీటి బొమ్మలు, రెండు దణ్ణాలు. మొదటిసారి చూసి ఊరుకున్నాను. నాలుగోసారి పంపిన మిత్రుడు ‘నీకు సినిమాలంటే ఇష్టం కదా, అందుకే పంపాను’ అని ఒక ముక్క చేర్చడంతో ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఆ సందేశంలోని చిల్లర తప్పులను ముందు వదిలించుకుందాం. సయీద్ జాఫ్రీ జావేద్ జాఫ్రీకి తండ్రి కాదు. జావేద్ తండ్రి జగదీప్, అంటే ‘షోలే’లోని సూర్మా భోపాలీ. పేరు చివర మాట కలిసినంత మాత్రాన చుట్టరికం కలిపేస్తే మన రావులందరూ ఒకే ఇంటి బిడ్డలు కావాలి. ‘గాంధీ’లో ఆయన వేసింది పటేల్ పాత్ర; నెహ్రూ వేషం రోషన్ సేఠ్‌ది. ఇక 1982లో వచ్చిన ఆ సినిమాతోనే ఆయన లోకానికి తెలిశారన్న మాట. అప్పటికి ఏడేళ్ల ముందే హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ ‘ది మ్యాన్ హూ వుడ్ బి కింగ్’లో ఆయనను షాన్ కానరీ, మైకేల్ కెయిన్‌ల పక్కన నిలబెట్టాడు. 1977లో సత్యజిత్ రాయ్ తీసిన ‘శత్‌రంజ్ కే ఖిలాడీ’లో జనరల్ ఔట్రామ్ వేషం వేసింది ఎవరనుకున్నారు? తర్వాత ‘గాంధీ’ తీసిన అటెన్‌బరోనే. తాను నటించిన సినిమాలోనే ఉన్న మనిషిని ఆయన ఎక్కడో మరుగున పడి ఉండగా వెలికితీశాడని రాయాలంటే కొంత సాహసం కావాలి.

అసలు మంట ఇక్కడ కాదు. ‘పక్క వేషాలు వేశాడు కాబట్టి ఓడిపోయాడు’ అన్న తీర్పు దగ్గర.

హ్యూస్టన్ సినిమాలో ఆయనది బిల్లీ ఫిష్ అనే గూర్ఖా సైనికుడి పాత్ర. ఇద్దరు తెల్లవాళ్లు కాఫిరిస్తాన్‌కు రాజులవుదామని వెళతారు; అక్కడి వాళ్ల భాష వీళ్లకు రాదు. రాజాజ్ఞ జనానికి చేరాలన్నా, జనం మొర రాజుకు చేరాలన్నా బిల్లీ నోటి మీదుగానే పోవాలి. ఆ దుబాసీ నోరు మూసుకుంటే సినిమా అక్కడే ఆగిపోతుంది. చివర మోసం బయటపడి గుంపు మీదికి వస్తున్నప్పుడు, తప్పించుకు పొమ్మని కంచరగాడిదను ఇవ్వబోతే వద్దని, గూర్ఖాల వంపు కత్తి కుక్రీ దూసి ఒంటరిగా ఆ గుంపులోకి దూకుతాడు. ఇది పక్క వేషమే. కాదన్నది ఎవరు?

రాయ్ సినిమాలో జాఫ్రీ వేసిన మీర్ రోషన్ అలీ ఒకరోజు వేళ కాని వేళ ఇంటికి వస్తాడు. పడకగదిలో మంచం కింద ఒక యువకుడు కనిపిస్తాడు. సైన్యంలో పట్టుకుపోతారన్న భయంతో దాక్కున్నానని ఆ కుర్రవాడు, అవునవునని భార్య అంటే మీర్ నమ్ముతాడు. చూస్తున్న మనకు నవ్వు వస్తుంది, వెంటనే ఆ నవ్వినందుకు సిగ్గు వేస్తుంది. ఆ పాత్రకు ఫిల్మ్‌ఫేర్ వారు, ‘మై బ్యూటిఫుల్ లాండ్రెట్’లోని నాసర్ పాత్రకు బ్రిటిష్ సినిమా అవార్డులిచ్చే బాఫ్టా వారు ఉత్తమ సహాయ నటుల వరుసలోనే ఆయన పేరు పెట్టారు, మొదటి చోట బహుమతి కూడా ఇచ్చారు. పాపం, వాళ్లకు ఈ సందేశం అందినట్టు లేదు. మన కీచకుడిని, మన ఘటోత్కచుడిని ‘హీరో కాలేక పక్క వేషాలు వేసుకున్న రంగారావు’ అని ఎవరైనా రాసి పంపితే ఈ నలుగురు మిత్రులే కర్రలు పట్టుకుని లేస్తారు. లండన్‌లో ఉన్నవాడికి మాత్రం ఆ మర్యాద వర్తించదు కాబోలు.

‘అవకాశాలు అడుగంటాక గొంతు అమ్ముకున్నాడు’ అన్నది ఇంకా వింత. అడుగంటడానికి అప్పటికి అవకాశాలంటూ అసలు మొదలే కాలేదు. 1951లో ఢిల్లీ ఆకాశవాణిలో ఇంగ్లీషు అనౌన్సరుగా నెలకు 250 రూపాయల జీతానికి చేరి, ఇల్లు అద్దెకు తీసుకునే స్తోమత లేక ఆ భవనం వెనక బెంచీ మీద రాత్రుళ్లు పడుకున్న మనిషికి గొంతే తొలి కొలువు. అమెరికన్ దర్శకుడు జేమ్స్ ఐవరీ 1959లో మన సూక్ష్మచిత్రాల మీద తీసిన డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం చెప్పిందీ ఆ గొంతే. 1997లో విక్రమ్ సేఠ్ నవల ‘ఎ సూటబుల్ బాయ్’ను బీబీసీ వరల్డ్ సర్వీస్ ప్రసారం చేసినప్పుడు అందులోని 86 పాత్రలకూ ఆయన ఒక్కరే గొంతునిచ్చారు. ముఖం లేదు, వేషం లేదు, మేకప్ లేదు. పెళ్లి చేస్తానని పట్టుబట్టే తల్లీ ఆయనే, తల వంచని కూతురూ ఆయనే. రాజశేఖర్ పోలీసు వేషాలకు సాయికుమార్ గొంతు ఏం చేసిందో చూస్తూ పెరిగిన తెలుగువాళ్లం, డబ్బింగును దిక్కులేనివాళ్ల బతుకుతెరువు అనుకుంటే ఎలా?

ఇంతా రాశాక ఒకటి ఒప్పుకోవాలి. అక్కడ ఆయనకు తలుపులు సగమే తెరుచుకున్నాయన్న ఫిర్యాదు నిజం. నవాబు, వ్యాపారి, రెస్టారెంటు యజమాని: బ్రిటిష్ తెర ఆయన కోసం దాచిన బీరువాలో వేషాలు ఇంతకు మించి ఎక్కువ లేవు. మన హిందీ సినిమా అంతకన్నా మేలు చేసిందీ లేదు; ‘చష్మే బద్దూర్’లో బాకీలు వసూలు చేసుకోలేక కుర్రాళ్ల వెంట తిరిగే పాన్‌షాపు లల్లన్ మియాను అంత ముచ్చటగా చేసిన మనిషికి, తర్వాత తర్వాత కోటు వేసుకున్న ధనిక తండ్రి వేషాలే దండిగా అంటగట్టింది. స్వదేశం ఆయనను సకాలంలో గుర్తించలేదని ఆ సందేశంలో రాసిన వాక్యమూ నిజమే. బ్రిటన్ 1995లోనే ఓబీఈ అనే తన గౌరవ పురస్కారం ఇచ్చింది.

కానీ ఆ వాక్యం రాసినవాడే ఆఖరి పేరాలో, జాఫ్రీ పద్మశ్రీ అందుకుంటూ వేదిక మీద కన్నీళ్లు పెట్టుకున్నారనీ, సభ మొత్తం లేచి నిలబడిందనీ కూడా రాశాడు. ఆయన 2015 నవంబరులో మరణించారు. పద్మశ్రీ ప్రకటించింది 2016 జనవరిలో.