119 ఓటముల తర్వాత రాకీస్ ఫ్రంట్ ఆఫీసును మార్చాలా?

2025 సెప్టెంబర్ 28న సీజన్ ముగిసేసరికి డెన్వర్ బేస్‌బాల్ జట్టు కొలరాడో రాకీస్ 162 ఆటల్లో 119 ఓడింది. వరుసగా మూడో ఏడాది ఓటములు వంద దాటాయి. ఆటగాళ్లను ఎంచి, కొని, జట్టును కూర్చే ఫ్రంట్ ఆఫీసును పూర్తిగా మార్చాలంటుంది అక్క. వద్దంటాడు తమ్ముడు. ఇద్దరూ డెన్వర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు. ఇది ఆ మర్నాటి వాదన.

అక్క: మే 10 ఆట గుర్తుందా? మన కూర్స్ ఫీల్డ్‌లోనే శాన్ డియాగో చేతిలో 21–0. బంతి విసిరే పిచ్చర్లు వణికిపోయే మైదానంలో వాళ్ల స్టీఫెన్ కోలెక్ ఒక్కడే తొమ్మిది ఇన్నింగ్సూ వేసేశాడు. మర్నాడు గెలిచాం. గెలిచిన రోజే మేనేజర్ బడ్ బ్లాక్‌ను పంపేశారు. జట్టును ఆడించినవాడు పోయాడు, కూర్చినవాళ్లు మాత్రం కుర్చీల్లోనే ఉన్నారు. ఇదేం న్యాయంరా?

తమ్ముడు: బ్లాక్‌కు అన్యాయం జరిగిందంటే ఒప్పుకుంటా. 2017, 2018లో సీజన్ చివరి నాకౌట్ పోటీలకు, అదే ప్లేఆఫ్స్‌కు, తీసుకెళ్లింది ఆయనే. కానీ అక్కా, అందరినీ ఊడ్చేస్తే బాగుపడతామని ఏముంది? షికాగో వైట్ సాక్స్‌ను చూడు. 2023 ఆగస్టులో ఫ్రంట్ ఆఫీసును నడిపే కెనీ విలియమ్స్‌నీ రిక్ హాన్‌నీ ఒకేసారి తీసేశారు. మరుసటి ఏడాది 121 ఓటములు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

అక్క: వాళ్ల స్థానంలో ఎవరిని పెట్టారో అదీ చెప్పు. క్రిస్ గెట్జ్‌ను. అదే క్లబ్‌లో కుర్రాళ్ల శిక్షణ చూస్తున్నవాణ్ణి. మనదీ అదే వరస. 2014లో జనరల్ మేనేజర్, అంటే ఫ్రంట్ ఆఫీసు పెద్ద, అయిన జెఫ్ బ్రైడిచ్ లోపలివాడు. 2021లో ఆయన తప్పుకుంటే వచ్చిన బిల్ ష్మిట్ 1999 నుంచి ఇక్కడే ఉన్నవాడు. ఓనర్ డిక్ మాన్‌ఫర్ట్ చూపు తనకు తెలిసిన మొహాలు దాటి పోదు.

తమ్ముడు: తెలిసినవాళ్లే కావాల్సిన ఊరు ఇది. 5,280 అడుగుల ఎత్తు. పల్చటి గాలిలో పిచ్చర్ వేసిన బంతి సరిగ్గా వంగదు, బ్యాట్‌కు తగిలితే దూరం పోతుంది. అందుకే మైదానం వెనక భాగం, అవుట్‌ఫీల్డ్, పెద్దగా కట్టారు, ఇప్పుడా ఖాళీల్లో బంతులు పడుతున్నాయి. 2002 నుంచి బంతుల్ని తేమ ఉండే గదిలో దాచి మరీ ఆడుతున్నారు. బయటి ఊళ్లకు వెళ్తే అదే కర్వ్ బాల్ ఒక్కసారిగా పదునుగా వంగుతుంది. మన బ్యాటర్ల కన్ను దానికి కుదురుకునేలోపు సిరీస్ అయిపోతుంది. కొత్తవాడికి ఇదంతా ఒంటబట్టేదెప్పుడు?

అక్క: 1993 నుంచి ఆడుతున్నాం, మన గుంపు జట్లలో, అదే డివిజన్‌లో, ఒక్కసారీ మొదటి స్థానం గెలవలేదు. ఒంటబట్టినవాళ్లు చేసిందేమిటి? ఇంత చిక్కున్న క్లబ్‌లో బంతి తీరును కొలిచి లెక్కలు కట్టేవాళ్లు అందరికంటే ఎక్కువమంది ఉండాలి. మన దగ్గర ఆ విభాగం ఎంత చిన్నదో ఆట చూసేవాళ్లందరికీ తెలుసు. ఎత్తును వదిలెయ్, క్రిస్ బ్రయంట్ సంగతి చెప్పు. 2022లో ఏడేళ్లకు 18.2 కోట్ల డాలర్లు రాసిచ్చారు. నాలుగు సీజన్లలో 170 ఆటలు ఆడాడు.

తమ్ముడు: గాయాలకు ఆఫీసు ఏం చేస్తుంది?

అక్క: గాయం ఎవరి తప్పూ కాదు. కానీ అంతకు ఏడాది ముందేగా, పైన దాదాపు 5 కోట్ల డాలర్లు ఎదురిచ్చి మరీ నోలన్ అరెనాడోను సెయింట్ లూయిస్‌కు అప్పగించింది! ఉన్న స్టార్‌ను డబ్బిచ్చి పంపడం, వెంటనే ఇంకో స్టార్‌ను డబ్బు పోసి తేవడం. ఇందులో ఆలోచన ఏమిటో నువ్వే చెప్పు.

తమ్ముడు: చెప్పలేను. కానీ హంటర్ గుడ్‌మన్ 2021 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునేటప్పుడు, నాలుగో రౌండ్ కుర్రాడు, ఈ ఏడాది ఆల్‌స్టార్. ఎజెకియల్ టోవార్‌ను పదహారేళ్లప్పుడు వెనిజులాలో పట్టుకున్నారు, నిరుడు ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ గెలిచాడు. వెతికింది ఈ ఆఫీసే. ఊడ్చేస్తే ఆ కళ్లూ పోతాయి.

అక్క: ఊళ్లు తిరిగే స్కౌట్లను నేనూ ఉంచమనే అంటా. పైన కూర్చుని నిర్ణయించేవాళ్ల మాటే నాది. హ్యూస్టన్ 2011 డిసెంబర్‌లో బయటి నుంచి జెఫ్ లూనోను జనరల్ మేనేజర్‌గా తెచ్చుకుంది. 2012లో 107, 2013లో 111 ఓడారు. ఓర్చుకున్నారు. 2017లో వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్, గెలిచారు.

తమ్ముడు: ఆ ఏడాదే కెమెరాతో ఎదుటి జట్టు సైగలు దొంగిలించారని తేలి, 2020 జనవరిలో లూనో ఉద్యోగం పోయింది. అలాంటి గెలుపు నాకొద్దు. పైగా, ఓర్చుకునే ఆ ఏళ్లలో స్టేడియానికి ఎవరొస్తారు?

అక్క: దొంగతనం నాకూ వద్దు. ఎవరొస్తారంటావా? ఈ ఏడాదీ 20 లక్షలకు పైగా టికెట్లు తెగాయి! కొండల వెనక పొద్దు వాలుతుంటే చూడ్డానికైనా జనం వస్తారని ఓనర్‌కు తెలుసు, అందుకే తొందర లేదు. నా కడుపు మండేది అక్కడే. 597 రన్లు చేసి 1,021 ఇచ్చారు. 1900 తర్వాత ఇంత తేడాతో మునిగిన జట్టు లేదు. గ్లవ్ చేతికి తగిలించుకుని వచ్చే పిల్లలకు ఇదా చూపించేది?

తమ్ముడు: సరే, పైవాణ్ణి బయటి నుంచి తేనీ. స్కౌట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

అక్క: వచ్చినవాడి నిర్ణయాలకు ఓనర్ అడ్డుపడనని రాసిస్తేనే.

తమ్ముడు: డబ్బు ఆయనది, క్లబ్ ఆయనది. రాసిస్తాడంటావా?

అక్క: ఇవ్వనంటే పనిమంతుడెవడూ ఇక్కడికి రాడు. ఇంటర్వ్యూకు వచ్చినవాడు ముందు అడిగేది అదే.