ప్లే అంటే ప్లే అవ్వదు

అక్క పెళ్లి వీడియోకి చిన్న వెబ్ పేజీ తయారుచేశా. తెరవగానే సన్నాయి మోగాలి, అంతే! జావాస్క్రిప్ట్‌లో ప్లే అని ఒక్క లైను రాశా. బ్రౌజర్ ఊరుకోదుగా, ‘నాట్ అలౌడ్ ఎర్రర్’ అని మొహాన కొట్టింది. చూసేవాళ్లు పేజీలో ఎక్కడైనా నొక్కితే తప్ప శబ్దం రాకూడదట. మ్యూట్ చేస్తే మాత్రం ఠక్కున ఆడుతుంది. మూగ సన్నాయి ఎవడిక్కావాలి?

సరే, బటన్ పెట్టా. ఇక వాల్యూమ్ గొడవ. కంప్యూటర్లో స్లైడర్ బాగానే పనిచేసింది. బావ ఐఫోన్లో ఎంత జరిపినా అదే మోత. కోడ్‌లో వాల్యూమ్ 0.2 ఇచ్చి మళ్లీ అడిగితే 1, అంటే ఫుల్ అనే చెబుతుంది. అక్కడ పెత్తనమంతా ఫోను పక్కనున్న మీటలదేనట. పోనీ ఎర్రరైనా చూపించదు, అదీ నా మంట! రాత్రి రెండింటిదాకా నా కోడ్‌లోనే తప్పు వెతుక్కున్నా.

పొద్దున్నే బావ: "బామ్మర్దీ, ఆఫీసులో తెరిచా, సౌండ్ తగ్గట్లేదేంటి?"